నిలబడితే పరిగెత్తే గుండె

ఇంకొక్కసారి లేవాలి. ఇంకొక్కసారి లేచి చూస్తే తేలిపోతుంది. కానీ ఊరికే ఎలా లేవడం? లేవడానికి ఏదో ఒక పని ఉండాలి కదా, పని లేకుండా తను ఎప్పుడు లేచింది గనక, అని ఆమె అనుకుంటూ ఉండగానే అత్తగారు ఆ పని అందించింది.

"అమ్మాయ్, వాడి గొంతు ఆరిపోతున్నట్టుంది. ఆ సీసాలో నీళ్ళు పట్టుకురా."

మామూలు రోజైతే ఆ మాటకి ఆమె మోకాళ్ళు బరువెక్కేవి. ఇవాళ మాత్రం తెలిసిన ప్రశ్నలే వచ్చిన పరీక్షకి కూర్చున్న పిల్లలా ఉషారుగా లేచింది.

గుండె డాక్టరు గది బయట హాలు అది. గోడ పొడుగునా ఒకదానికొకటి అతికించిన కుర్చీలు. వాటిలో ఒకదాంట్లో ఆమె భర్త కాళ్ళు చాపుకుని, ఎడంచెయ్యి గుండెల మీద వేసుకుని, కుడిచేతిలో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. అతనికి అటుపక్క అత్తగారు, ఒళ్ళో తోలుసంచీతో. ఇటుపక్క, ఇప్పుడే ఖాళీ అయిన కుర్చీ ఆమెది.

నీళ్ళ మిషను హాలుకి ఆ చివర ఉంది. నడుస్తుంటే ఎప్పుడూ జరిగేదే జరిగింది. ముందు చెవుల్లో హోరు. తరవాత చూపు అంచులు మసకబారడం. ఆ తరవాత గుండె, తలుపు సందు దొరికిన కుక్కపిల్లలా ఒకటే ఉరుకు. ఏళ్ళుగా పరిచయమున్న ఉరుకే. కొత్తేమిటంటే ఇవాళ ఆమె దానికోసం ఎదురుచూసింది. రా, ఇంకా గట్టిగా రా, అని లోపల్లోపల బతిమాలింది. సీసా సగం నిండేసరికి వెనకనుంచి ఫోను గుర్రుమంది.

"అమ్మా! మళ్ళీ వచ్చింది! కూర్చునే ఉన్నాను, కదల్లేదు మెదల్లేదు, నూట ముప్పై దాటింది!"

"అయ్యో నా తండ్రీ! ఉండు, వీపు రాస్తాను."

ఆమె వెంటనే వెనక్కి రాలేదు. సీసా నిండాక కూడా అక్కడే నిలబడింది. ఫోను ఇంకోసారి గుర్రుమంది. అప్పుడు నెమ్మదిగా వచ్చి, సీసా భర్త చేతికిచ్చి, తన కుర్చీలో కూర్చుంది. కూర్చుని ఊపిరి లోపలికి తీసుకుని వదిలింది. కాసేపటికి భర్త మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

"తగ్గుతోందే, అమ్మా."

"తగ్గదూ మరి! కన్నతల్లి చెయ్యిరా ఇది."

ఆమె పెదవి గట్టిగా కొరుక్కుంది. నవ్వు బయటపడిందంటే కొంప మునుగుతుంది. గుండెల మీదున్న భర్త ఎడంచేతి మణికట్టు వైపు మళ్ళీ ఒకసారి దొంగచూపు చూసింది. బోసిగా ఉంది. గడియారం ఉండే చోట చర్మం తెల్లగా పట్టీలా కనబడుతోంది. ఇందాక గుండె పరీక్షకని లోపలికి తీసుకెళ్ళినప్పుడు నర్సు ఆ గడియారం తీయించింది. కొత్తది, పెద్ద అద్దం ఉన్నది, గుండె వేగం, నిద్ర, నడక అన్నీ కనిపెట్టి ఫోనుకి చెప్పేది. అత్తగారే దాన్ని ఆపి, రుమాల్లో చుట్టి, ఆ తోలుసంచీలో పడేసింది. ఆపేసిన గడియారం సంచీలో నిద్రపోతోంది. మరి ఫోనుకి కబుర్లు పంపుతున్నదెవరు?

ఆమె తన చొక్కా చేతిని ఇంకాస్త కిందికి లాక్కుంది. దాని కింద, మణికట్టు మీద, అద్దం పగిలిన పాత గడియారం ఉంది. అదీ భర్తదే. కొత్తది వచ్చాక సొరుగులో పారేసినది.

తన ఒంటి సంగతి ఆమెకి కొత్తగా తెలిసిందేమీ కాదు. ఆరేళ్ళ కిందట ఒక విషజ్వరం వచ్చింది. జ్వరం పోయింది గానీ, పోతూపోతూ గుండె చెవిలో ఏదో చెప్పి పోయినట్టుంది. పడుకుంటే ఏమీ ఉండదు. కూర్చుంటే పరవాలేదు. నిలబడితే మాత్రం కింద నేల కదిలే పడవైపోతుంది. దీన్ని ఇంట్లో చెప్పడానికి సరైన మాట ఆమెకి ఎప్పుడూ దొరకలేదు. కళ్ళు తిరుగుతున్నాయంటే, వేళకి తినవు అన్నారు. గుండె దడగా ఉందంటే, దేనికంత భయం అన్నారు. నిలబడలేకపోతున్నానంటే భర్త పడీపడీ నవ్వాడు. "నాకూ పొద్దున్నే మంచం దిగాలంటే అలాగే ఉంటుంది." ఆ రోజు నుంచి ఇంట్లో ఆమెకి సుకుమారి అని పేరు పడింది. కూరగాయలు తరగడానికి కుర్చీ లాక్కుంటే సుకుమారి. మెట్ల మలుపులో ఆగితే సుకుమారి. "మా సుకుమారి కూర్చుని వంట చేస్తుంది, మహారాణిలాగా" అని అత్తగారు ఇంటికొచ్చినవాళ్ళకి చెప్తే అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే సుకుమారికి కోపం కూడానా అంటారు.

ఈ డాక్టరు దగ్గరికే అప్పట్లో వచ్చింది. ఈ గదిలోనే మంచం మీద పడుకోమన్నారు. తీగలు అంటించారు, కాగితం మీద గీతలు వచ్చాయి, పొట్ట మీదా ఛాతీ మీదా చల్లటి జిగురు రాసి తెరమీద చూశారు. "అంతా శుభ్రంగా ఉందమ్మా. ఏదైనా వ్యాపకం పెట్టుకోండి. ఖాళీగా ఉంటే మనసు ఒంటి మీదికి పోతుంది" అన్నాడు డాక్టరు. ఖాళీ! పొద్దంతా షాపులో నిలువుకాళ్ళ ఉద్యోగం, ముందూ వెనకా ఇంటి చాకిరీ, వాటిమధ్య ఈ ఖాళీ ఎక్కడుందో చూపిస్తే వెళ్ళి అందులో కాసేపు పడుకుందును కదా అనిపించింది. కానీ ఆ జవాబు ఆమెకి కిందికి దిగే మెట్ల మీద తట్టింది. జవాబులన్నీ ఆమెకి మెట్ల మీదే తడతాయి. ఇంకా కిందికి దిగాక అసలు సంగతి తట్టింది: ఇన్ని పరీక్షలు చేశారు, ఒక్కటీ నిలబెట్టి చెయ్యలేదు. నిలబడితే వచ్చే రోగాన్ని పడుకోబెట్టి వెతికారు.

అది ఆమె ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోగా, నెలలు గడిచేకొద్దీ తనే అనుమానపడటం మొదలుపెట్టింది. నిజంగానే బద్ధకమేమో. పని తప్పించుకోవడానికి మనసే ఈ నాటకం ఆడుతోందేమో. అద్దంలో తన మొహం చూసుకుని, నువ్వు నటిస్తున్నావా అని అడిగేది. ఇంట్లోవాళ్ళు నమ్మకపోవడం ఒక దెబ్బ. వాళ్ళు నమ్మలేదని తనూ తన ఒంటిని నమ్మడం మానెయ్యడం, అది దెబ్బ అని కూడా తెలియని దెబ్బ.

షాపు అంటే కర్టెన్లూ దుప్పట్లూ అమ్మే పెద్ద షాపు. అక్కడ పనిచేసేవాళ్ళు కూర్చోకూడదు. కొనేవాళ్ళు లేకపోయినా కూర్చోకూడదు. స్టూళ్ళు ఉన్నాయి, కొనేవాళ్ళ కోసం. ఆమెది కర్టెన్ల వైపు. పక్కన దుప్పట్లు చూపించే ఆవిడని అందరూ దుప్పట్లక్క అంటారు. ఆమె మొహం పాలిపోవడం దూరం నుంచే కనిపెట్టే మనిషి ప్రపంచం మొత్తం మీద దుప్పట్లక్క ఒక్కతే. "ఏయ్, ఆగు, పడిపోయేలా ఉన్నావ్" అని గబగబా వచ్చి, ఎవరికో చూపిస్తున్నట్టు ఒక పెద్ద కర్టెన్ రెండు చేతులా చాపి పట్టుకునేది. ఆ గుడ్డ వెనక ఆమె గొంతుక్కూర్చుని, తల మోకాళ్ళ మధ్య పెట్టుకుని, నాలుగు ఊపిర్లు పీల్చుకునేది. "ఈ రంగు మీ హాలుకి బాగా నప్పుతుందండీ" అని దుప్పట్లక్క ఎదురుగా ఎవరూ లేకుండానే పైకి గట్టిగా చెప్తూ ఉండేది.

పోయిన నెల ఆ కర్టెన్ వెనక్కి ఫ్లోర్ మేనేజర్ తొంగిచూశాడు. "ఇది షాపా, సత్రమా?" అన్నాడు. ఒంట్లో బాగాలేదని ఆమె చెప్పింది. "అయితే డాక్టరు చేత కాగితం రాయించుకురండి, నేనే స్టూలు వేయిస్తాను. కాగితం లేదూ, ఇంకోసారి కూర్చోవడం చూశానూ, ఇక ఇంట్లోనే కూర్చుందురుగాని." నిజానికి అది బెదిరింపే అయినా ఆమెకి అందులో ఆశే కనబడింది. ఒక్క కాగితం. ఒక్క స్టూలు. ఆ స్టూలుంటే ఉద్యోగం ఉంటుంది, ఉద్యోగం ఉంటే తనకంటూ ఒక తలుపు ఉంటుంది. ఇంటికొచ్చి భర్తతో, మళ్ళీ ఒకసారి డాక్టరు దగ్గరికి వెళ్దామండీ అంది. "ఆయనే ఏమీ లేదన్నాడుగా. లేని జబ్బుకి కాగితం ఎవడిస్తాడు?" అన్నాడు భర్త, ఫోన్లోంచి తల ఎత్తకుండా.

తల ఎత్తకుండానే ఇంకో మాట కూడా అన్నాడు ఆ సాయంత్రం. షాపులో ఫోను పట్టుకోకూడదు, వేలాడే కర్టెన్ల వెనకనుంచి గోడ గడియారం కనబడదు. "సొరుగులో మీ పాత గడియారం ఉంది కదా, అది నేను పెట్టుకోనా?" అని అడిగితే "ఏది? ఆఁ" అన్నాడు. ఆ ఏది-ఆఁ తో గడియారం ఆమెదైంది. పగిలిన అద్దంలో టైము తప్ప ఇంకేమీ కనబడదు. అడుగున ఒక ఆకుపచ్చ దీపం మినుకుమినుకుమంటుంది. ఊరికే వెలుగుతోంది కాబోలు అనుకుంది. అది తన రక్తాన్ని చూస్తోందని, చూసింది చూసినట్టు భర్త ఫోనుకి చెప్తోందని, ఆ ఫోను పాత గడియారాన్నీ కొత్త గడియారాన్నీ కలిపి ఒకే మనిషి ఖాతాలో వేసుకుంటోందని ఆమెకేం తెలుసు? నెలరోజులుగా ఆ చేత్తోనే భర్తకి కాఫీ ఇచ్చింది, అత్తగారికి మాత్రలిచ్చింది. ఆ మణికట్టు మీద ఏముందో ఒక్కరూ చూడలేదు.

భర్త ఇన్నాళ్ళూ ఆ ఫోను కబుర్లు పట్టించుకోలేదు. పోయిన వారం ఆఫీసులో ఎవరికో గుండెపోటు వచ్చింది. ఆ సాయంత్రం అతను మొదటిసారి ఆ కబుర్లన్నీ తెరిచి చూసుకున్నాడు. మీరు విశ్రాంతిగా ఉన్నా మీ గుండె వేగంగా కొట్టుకుంటోంది, అని ఒకటి కాదు, బారులు బారులు. సోఫాలో కూలబడ్డాడు.

"అమ్మా, ఇటు రా! పొద్దున పదకొండింటికి చూడు ఎంత ఉందో. సరిగ్గా అప్పుడే మా ఆఫీసరు నన్ను గదిలోకి పిలిచాడు. నాకప్పుడే అనిపించింది, లోపల ఏదో అయిందని!"

ఆ క్షణం నుంచి ఇల్లు ఇల్లు కాదు, ఆస్పత్రి. ముందు వంటలోంచి ఉప్పు పోయింది. "గుండెకి ఉప్పు విషం. వాడొక్కడికీ చప్పిడి తిండి పెడితే వాడి మనసు చివుక్కుమంటుంది, అందరం అదే తిందాం" అని అత్తగారు ఉప్పుడబ్బా ఎత్తి అటక మీద పెట్టించింది, ఎక్కి పెట్టింది ఆమే అనుకోండి. చిన్నప్పటి నుంచీ ఉప్పంటే ప్రాణం పెట్టే మనిషి, ఉప్పు మానేసరికి మరీ నీరసపడింది. నిలబడితే గుండె ఇంకా ఉరికింది. ఫోను ఇంకా మోగింది. ఇంట్లో భర్త చేసే పనులు రెండే రెండు, మూడంతస్తులు దిగి చెత్త పడెయ్యడం, ఆదివారం తడిబట్టల బకెట్ డాబా మీదికి మొయ్యడం. అవీ ఆమెకే వచ్చాయి. ఆమె బకెట్టుతో ఎక్కీ దిగీ వచ్చేసరికి ఫోను గగ్గోలు పెట్టింది. "చూశారా, పడుకుని ఉన్నా ఎలా కొట్టుకుంటోందో!" అన్నాడు భర్త పక్కమీద నుంచి. సెలవు పెట్టాడు. అతనికి పళ్ళరసం తీస్తూ ఆమె గట్టు ముందు ఎంతసేపు నిలబడితే అతని గుండె అంతసేపు దడదడలాడింది. అతని గుండె దడదడలాడినకొద్దీ ఆమెకి పని పెరిగింది. ఆమెకి పని పెరిగినకొద్దీ అతని గుండె దడ పెరిగింది. ఆడపడుచు రోజుకి మూడుసార్లు ఫోను చేసి ఏడ్చింది. ఇంత నలిగిపోతూ నా అన్నయ్య ఒక్కమాట పైకి అనలేదు చూడమ్మా అంది.

అన్నిటికన్నా విచిత్రం, ఆమె కూడా భయపడింది. నిజంగా భయపడింది. రెండోరోజు అతని పక్కన కూర్చుని "భయపడకండి, నాకూ అచ్చం ఇలాగే ఉంటుంది, కూర్చుంటే తగ్గుతుంది" అని చెయ్యి నిమిరింది. అతను విసుగ్గా చెయ్యి లాక్కున్నాడు. "నీది వేరు. ఇది నిజంగా ఉంది. ఫోన్లో చూపిస్తోంది."

నిజంగా ఉంది!

హాల్లో కుర్చీ అంచున కూర్చున్న ఆమెకి ఆ మాట ఇప్పుడు ఒళ్ళంతా పాకింది. నిజంగా ఉంది. ఫోన్లో చూపిస్తోంది. ఆరేళ్ళుగా ఒక సాక్షి కోసం వెతికింది. సాక్షి నెలరోజులుగా చొక్కా చేతి కింద కూర్చుని, లేచినప్పుడల్లా, నడిచినప్పుడల్లా, నిచ్చెనెక్కి పై అర కర్టెన్ దించినప్పుడల్లా ఒక్కటీ వదలకుండా చెప్తూనే ఉంది. వింటున్నవాళ్ళు మనిషిని పొరబడ్డారు, అంతే. వారం రోజులుగా ఈ ఇంట్లో అందరూ తన గుండెనే నెత్తిన పెట్టుకున్నారు. దానికే పళ్ళరసం, దానికే సెలవు, దానికోసమే ఆడపడుచు కన్నీళ్ళు. కాకపోతే అవన్నీ పక్క చిరునామాకి చేరాయి. ఆమెకి కోపం రావలసింది. రాలేదు. రెండు జడలేసుకుని తిరిగే రోజుల్లో దాక్కున్నచోట తననెవరూ కనుక్కోలేకపోతున్నప్పుడు పొట్టలోంచి తన్నుకొచ్చే నవ్వులాంటిదేదో తన్నుకొచ్చింది. ఇక్కడున్నాను, ఇక్కడున్నాను అని అరవాలనిపించింది.

అరిస్తే? నాలుక చివరిదాకా వచ్చిన మాటని పళ్ళతో పట్టుకుని ఆమె ఆలోచించింది. ఏమండీ, ఆ గుండె మీది కాదు, నాది అంటే ఏం జరుగుతుంది? ఆమెకి అక్షరం పొల్లుపోకుండా తెలుసు. భర్త ముందు నోరు తెరుస్తాడు. తరవాత చొక్కా చేతి కింద గడియారం చూస్తాడు. తరవాత, గుండెల మీదినుంచి చెయ్యి తీసేసి, ఓస్, నీదా! అంటాడు. హమ్మయ్య అంటుంది అత్తగారు. దార్లో మిఠాయి కొందామంటుంది కూడా. ఇంకాసేపట్లో ముగ్గురూ ఇంటిదారిలో ఉంటారు. ఓస్, నీదా. ఆ మూడక్షరాల ఓస్ నీదాతో నూట ముప్పై అంకె కాస్తా మళ్ళీ సుకుమారి అయిపోతుంది. అదే అంకె, అదే గీత. మనిషి మారేసరికి దాని బరువు మారిపోతుంది. అందుకని ఇప్పుడు చెప్పకూడదు. డాక్టరు మొదట గుండెని చదవాలి. అది ఎవరిదో తరవాత తెలియాలి. ఇంత తెలివి తనకి మెట్ల మీద కాకుండా గది బయటే తట్టినందుకు ఆమెకి తనమీద తనకే ముద్దొచ్చింది.

నర్సు పిలిచింది.

గదిలో బల్లకి ఇటువైపు రెండే స్టూళ్ళు. ఒకదాని మీద భర్త, ఒకదాని మీద అత్తగారు కూర్చున్నారు. ఆమె ఫైలు పట్టుకుని భర్త వెనక నిలబడింది. డాక్టరు మనిషి కాస్త లావెక్కాడు. ఆమె వైపు చూశాడు గానీ గుర్తుపట్టలేదు. పరీక్ష కాగితం చూసి, ఇందులో ఏమీ లేదే అన్నాడు.

భర్త ఊరుకోలేదు. "పడుకోబెట్టి తీస్తే ఏముంటుంది డాక్టరు గారూ? దీంట్లో చూడండి. నెలరోజులది ఉంది" అని ఫోను బల్ల మీద పెట్టాడు. తను అనలేకపోయిన మాటని అతను ఎంత సులువుగా అనేశాడు!

డాక్టరు కళ్ళజోడు సర్దుకుని ఫోను దగ్గరికి లాక్కున్నాడు. ఒక రోజు తెరిచాడు. ఇంకో రోజు తెరిచాడు. కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"ఇది చాలా బాగా దొరికిందండీ" అన్నాడు నెమ్మదిగా. "మేం పడుకోబెట్టి పావుగంట చూస్తాం. ఇది రోజంతా ఒంటిని అంటిపెట్టుకుని చూసింది. ఇదిగో, ఇక్కడ గీత చదునుగా ఉంది, కూర్చున్నారు. ఇక్కడ లేచారు, గోడెక్కినట్టు ఎక్కింది చూడండి. లేచిన ప్రతిసారీ ఇంతే. కూర్చోగానే దిగింది. ఒకసారైతే కాకతాళీయం అనుకోవచ్చు. నెలంతా ఇదే తీరు."

భర్త భుజం మీదినుంచి ఆమె ఆ గీతని చూసింది. చూడగానే గుర్తుపట్టింది, రద్దీలో తన చెప్పులు తను గుర్తుపట్టినట్టు. ఆ పొడుగాటి గుట్ట మెట్లు, చెత్తబుట్ట. పక్కనున్న మొనదేలిన కొండ నిచ్చెన, పై అర. మధ్యాహ్నానికి అటుగా ఒకచోట గీత అమాంతం కిందికి దిగి చిన్న గుంటలా ఉంది. డాక్టరు వేలు సరిగ్గా అక్కడే ఆగింది.

"ఇక్కడ ఏం చేస్తున్నారు?"

"మీటింగు అయిపోయి ఉంటుందండీ" అన్నాడు భర్త.

కాదు. దుప్పట్లక్క కర్టెన్ పట్టుకుంది. ఈ రంగు మీ హాలుకి బాగా నప్పుతుందండీ. ఆ నాలుగు ఊపిర్లు కూడా లెక్కలోకొచ్చాయి! ఆమె కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. ఫైలుతో మొహం దాచుకుంది.

"ప్రాణం మీదికి తెచ్చేది కాదు, భయపడకండి. కానీ ఇది ఊహ కాదు. జబ్బే" అన్నాడు డాక్టరు. "కొందరికి జ్వరాల తరవాత వస్తుంది. వీళ్ళని చూసి చుట్టూ ఉన్నవాళ్ళు బద్ధకం అంటారు, మనోవ్యాధి అంటారు. నిజానికి వీళ్ళు నిలబడి చేసే పని మనం పరిగెడుతూ చేసేదాంతో సమానం."

"ఎవరికీ అర్థం కాదండీ" అన్నాడు భర్త.

"నా బిడ్డ ఎంత ఓర్చుకున్నాడో!" అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఉప్పు కూడా మానిపించానండీ."

"అయ్యో, ఎందుకు మానిపించారు? ఇలాంటివాళ్ళకి సాధారణంగా ఉప్పూ నీళ్ళూ పెంచుతాం. మందులున్నాయి, వేసవి నాటికి మనిషి తేరుకుంటారు. అన్నిటికన్నా ముందు, గంటల తరబడి నిలబెట్టకూడదు." డాక్టరు కాగితం లాక్కుని రాయడం మొదలుపెట్టాడు. "పనిచేసేచోట కూర్చునే వీలు ఇవ్వాలని రాసిస్తున్నాను. మీరు షాపులో చేస్తారా?"

"ఆఫీసండీ. కుర్చీలోనే."

పెన్ను ఆగింది. "కుర్చీలోనా? మరి రోజంతా నిలబడ్డ గీత కదా ఇది. ఏదీ, ఒకసారి లేవండి."

భర్త స్టూలు మీదినుంచి లేచి నిలబడ్డాడు. నర్సు అతని వేలికి చిన్న క్లిప్పు తగిలించింది. దాని తెరమీద అంకె తాపీగా, భోంచేసి నడుస్తున్న మనిషిలా ఉంది. బల్ల మీద ఫోన్లో అంకె మాత్రం పరిగెడుతూనే ఉంది. గదిలోకి వచ్చినప్పటి నుంచీ ఆమె నిలబడే ఉంది మరి. డాక్టరు దీన్ని చూశాడు, దాన్ని చూశాడు. భర్త చెయ్యి తిప్పి చూశాడు.

"మీ గడియారం ఏది?"

"అమ్మ సంచీలో..." అంటూ భర్త తన బోసి మణికట్టుని మొదటిసారి చూసుకున్నాడు.

కాగితం మీద అంతా రాసి ఉంది, పైన పేరు రాయవలసిన చోటు తప్ప. ఆమె చెవుల్లో హోరు, కళ్ళ అంచున మసక, లోపల ఆ పాత ఉరుకు. భర్త లేవడంతో ఖాళీ అయిన స్టూలు ఎదురుగా ఉంది. ఇంతసేపూ చెప్పాల్సిన మాటలు ఆమె ఒక పదిరకాలుగా కూర్చుకుంది. ఇప్పుడు వాటిలో ఒక్కటీ అక్కర్లేదనిపించింది. ఫైలు బల్ల మీద పెట్టింది. భర్తని కొంచెం పక్కకి జరగమన్నట్టు మోచేత్తో తాకి, ముందుకి వచ్చి, స్టూలు మీద కూర్చుంది.

ఫోన్లో అంకె తడబడింది. ఒకటి తగ్గింది. ఇంకొకటి తగ్గింది. మెట్లు దిగుతున్న మనిషిలా ఒక్కొక్కటే దిగుతూ వచ్చింది. డాక్టరు ఆ అంకెని చూసి, నిలబడే ఉన్న భర్తని చూసి, చివరికి ఆమెని చూశాడు. ఈసారి నిజంగా చూశాడు.

"అమ్మాయ్, అదేంటి, నువ్వు కూర్చున్నావు? లే, వాడు నిలబడున్నాడు కదా" అంది అత్తగారు.

ఆమె లేవలేదు. చొక్కా చేతి గుండీ విప్పి, గుడ్డని మోచేతిదాకా మడిచి, గడియారం ఉన్న చేతిని బల్ల మీద, డాక్టరు రాస్తున్న కాగితం పక్కన పెట్టింది.